విండోస్ ఎక్కని పెట్టె

"మొత్తం తిరిగి ఇచ్చేద్దాం అంటున్నాను. అట్టపెట్టెలతో సహా."

"మొత్తం ఎందుకమ్మమ్మా? ఖరాబైంది మెమరీ ఒక్కటే. ఆ రెండు ముక్కలు మార్చుకుంటే అయిపోతది."

"మొన్న పెన్‌డ్రైవ్ అన్నావు. నిన్న డిస్కు అన్నావు. ఇవాళ మెమరీ అంటున్నావు. రేపు ఈ ఇంటి కరెంటే బాగాలేదంటావు."

"కరెంటు కూడా చెక్ చేసిన."

"చేశావుగా. ఇక మిగిలింది నా జాతకం. అదీ తిరగేసి చూడు."

"జోకులెయ్యకు. అసలు నువ్వు ఎంత దాక చదివినవ్?"

"నాలుగో తరగతి."

"మరి కంప్యూటర్ల ఏం ఖరాబైందో నాకు చెప్తున్నవ్."

"నాలుగు చదివిన నేను ఈ పెట్టె కొనలేదు, పాడు చెయ్యలేదు. కాలేజీలు దాటొచ్చిన నువ్వు రెండూ చేశావు."

ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, మళ్లీ తీసుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కెనడాలోని గ్వెల్ఫ్ అనే ఊళ్లో, మా అబ్బాయి ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర మా ఇద్దరికీ జరిగిన వాదన ఇది. ఆ అమ్మాయి నా చెల్లెలి కూతురి కూతురు. హనుమకొండ నుంచి ఇక్కడి కాలేజీలో చదవడానికి వచ్చి, మా ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేది. నన్ను అమ్మమ్మా అనేది, మా అబ్బాయిని మామయ్యా అనేది. కంప్యూటర్ మీద బొమ్మలు గీసి, వాటిని నడిపించి, పరిగెత్తించే చదువు ఆమెది. ఆ చదువుకు మామూలు లాప్‌టాప్ చాలదని, విడి భాగాలు తెచ్చి సొంతంగా కంప్యూటర్ కట్టుకుంది. కట్టడం అయింది. అందులో విండోస్ మాత్రం ఎక్కడం లేదు. సగంలో కుప్పకూలిపోయేది.

ఆ భాగాలన్నీ మా అబ్బాయి కార్డు మీద కొన్నవి. షాపువాడు వాటిని తిరిగి తీసుకునే గడువు మర్నాడు సోమవారంతో ముగుస్తుంది. మా అబ్బాయి ముందే ఒక మాట అనేశాడు. "ఆదివారం అమ్మ దీపం పెట్టే వేళకి నీ కంప్యూటర్ లేచి నిలబడాలి. నిలబడితే ఈ కోర్సే చదువుకో. లేదంటే సామాను వెనక్కి ఇచ్చేసి, సప్లై చైన్ కోర్సులోకి మారిపో. అందులో ఉద్యోగాలున్నాయి. కోర్సు మార్చుకోవడానికీ సోమవారమే ఆఖరు." ఆ అమ్మాయి సరే అంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని, సరే మామయ్యా అంది. నేను అక్కడే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నాను.

ఆ చదువు నాకు మొదటినుంచీ నచ్చలేదు. దాచుకోలేదు కూడా. అదే కోర్సు పూర్తి చేసిన పిల్ల ఒకతె మాకు తెలుసు. ఊరి చివర పెట్రోలు బంకులో గాజు కిటికీ వెనక నిలబడి సిగరెట్టు పెట్టెలు అమ్మేది. ఆమె గీసిన బొమ్మల ఎలుగుబంటి ఫోనులో ఎంత బాగా నడిచేదో అందరికీ చూపించేది. ఎలుగుబంటి బాగానే నడిచేది. ఆమెకే కూర్చోవడానికి కుర్చీ ఉండేది కాదు.

ఆ ఏళ్లలో గ్వెల్ఫ్‌లో ఏ బస్సెక్కినా మన పిల్లలే. వీపుకు సంచీ, చెవులకు వైర్లు, ఒంటికి సరిపోని కోటు. ఒక్కో బేస్‌మెంట్‌లో వంతులు వేసుకుని పడుకునేవారు. ఒకరు లేచిన పక్క మీద, వెచ్చదనం పోకముందే ఇంకొకరు. ఒకసారి కాఫీ షాపులో కూర్చుని ఉండగా, ఒక పిల్లవాడు కౌంటరు దగ్గరికి వచ్చి రెండు చేతులతో తన రెజ్యూమె ఇచ్చాడు. మేనేజరమ్మ నవ్వి, థాంక్యూ చెప్పి, అతను తలుపు దాటేలోగా ఆ కాగితాన్ని చెత్త కాగితాలు వేసే నీలం డబ్బాలో వేసింది. అందులో అప్పటికే అలాంటివి గుట్టగా ఉన్నాయి. కాఫీ తాగి ఇంటికి వచ్చాక ఆ అమ్మాయితో చెప్పాను, నీ బొమ్మలు కూడా ఆ డబ్బాలోకే అని. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే నాకేం. అన్నం మాత్రం తిన్నది.

కంప్యూటర్ భాగాలు ఇంటికి వచ్చిన రోజు నేనొక్కటే చెప్పాను. అట్టపెట్టె చింపొద్దు, కవరు పారెయ్యొద్దు, కట్టిన తీగ ముక్క కూడా దాచు, వెనక్కి ఇవ్వాల్సి రావచ్చు అని. "మొదలుపెట్టకముందే వెనక్కి ఇచ్చుడు ముచ్చటేనా" అని మూతి తిప్పింది. అయినా దాచింది. ఆ మాట చెప్పకపోతే మంచం నిండా చిరిగిన అట్టలే మిగిలేవి. ఈ కాలం పిల్లలకు వస్తువు మీదే కళ్లు, వస్తువు వచ్చిన పెట్టె మీద కాదు.

కట్టడమంతా కింద బేస్‌మెంట్‌లోనే చేసింది. పూర్తయ్యాక మా అబ్బాయి పాత మానిటర్ కావాలని పెట్టెను పైకి మోసుకొచ్చింది. పక్కన అద్దం తలుపున్న నల్ల పెట్టె, లోపల ఎర్రగా పచ్చగా వెలిగే దీపాలు. ఇంత వెలుతురు దేనికే అని అడిగితే, ఫ్యాన్ల కోసం అంది. గాలి ఆడటానికి రంగులెందుకో నాకు అర్థం కాలేదు. మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి చూసి, "పెళ్లి పందిరిలా ఉంది" అన్నాడు. ఆ ముచ్చట ఒక్క పూటే.

పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ ఎక్కించడం మొదలుపెట్టేది. తెల్లని చుక్కలు గుండ్రంగా తిరిగేవి. అంకెలు పెరిగేవి. ఆ పిల్ల గడ్డం బల్లకు ఆనించి, ఉగ్గు గిన్నె వైపు చూసే పసిదానిలా ఆ అంకెల వైపు చూసేది. ఉన్నట్టుండి తెర అంతా నీలం అయిపోయి, ఒక మూల మూతి ముడుచుకున్న ముఖం ఒకటి వచ్చేది. కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. ఆ తర్వాత పెట్టె తనంతట తనే ఆరిపోయి మళ్లీ మొదలయ్యేది. ఒకసారి పావు వంతు దగ్గర ఆగింది. ఒకసారి దాదాపు అయిపోయిందనగా ఆగింది. ఒకసారి మొదలే కాలేదు. ఒకే చోట ఆగి ఉంటే ఏదో ఒక తప్పు అనుకోవచ్చు, ఎక్కడ పడితే అక్కడ ఆగితే ఏమనుకోవాలి అని ఫోనులో ఎవరితోనో అంటూ ఉండేది.

మా అబ్బాయి మార్కమ్‌లో ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగమే చేస్తాడు. అమెరికాలో కొన్నాళ్లు చేసి ఇక్కడికి వచ్చినవాడు. అందరూ అతన్ని కంప్యూటర్ మనిషి అంటారు గాని, పెట్టె మూత తీస్తే ఏముంటుందో అతనికి అంతగా తెలియదు. తెలియదని ఒప్పుకోడు. వస్తూ పోతూ ఒక్కో మాట విసిరేవాడు. "పెన్‌డ్రైవ్ మార్చు" అన్నాడు. మార్చింది. "ఫైలు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకో" అన్నాడు. చేసుకుంది. "డిస్కు తీసి ఇంకో చోట గుచ్చు" అన్నాడు. గుచ్చింది. గ్రాఫిక్స్ కార్డట, ఆ బొమ్మల కార్డు తీసేసి చూసింది. బోర్డు లోపలి ప్రోగ్రామేదో కొత్తది ఎక్కించింది. మెమరీ వేగం తగ్గించింది. మెమరీ ముక్కలు రెండింటిలో ఒకటే పెట్టి చూసింది, తర్వాత రెండోది. ప్రతిసారీ అదే ముడుచుకున్న మూతి.

"మా అమ్మ మెమరీ పీకి ఇందులో పెట్టు" అన్నాడు మా అబ్బాయి అన్నం కలుపుకుంటూ. "నేను మూడో తరగతిలో పగలగొట్టిన పలక కూడా మర్చిపోలేదు. ఒక్కసారి కూడా క్రాష్ అవదు."

ఆ అమ్మాయి నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ పలక నిజంగానే కొత్తది.

ఆదివారం పొద్దున ఎవరో స్నేహితుడు చెప్పాడని మెమరీని పరీక్ష చేసే ప్రోగ్రామ్ పెట్టింది. పెట్టిన నిమిషంలోనే తెర మీద ఎర్ర గీతలు మొదలయ్యాయి. ఎర్రచీమలు గోడెక్కినట్టు కింద నుంచి పైకి నిండిపోయాయి. దొరికింది అమ్మమ్మా, దొరికింది అని లేచి నిలబడింది. రెండు ముక్కలూ విడివిడిగా పెట్టి చూసినా ఎర్ర గీతలే. అంటే రెండూ చెడ్డవే అంది. అవి మార్చుకుంటే మిగతాదంతా బంగారం అంది. అక్కడే మా గొడవ మొదలైంది.

కోడలు ఆఫీసు పని మీద వాంకూవర్ వెళ్లింది ఆ వారం. ఉంటే మధ్యలో దూరి, పోనీలెండి అత్తయ్యా అని ఏదో ఒకటి సర్దేది. సర్దేవాళ్లు లేనప్పుడే ఏ మాటకైనా అసలు బరువు తెలుస్తుంది.

"రెండు ముక్కలూ ఒకేసారి చెడ్డవి ఇస్తాడా షాపువాడు? వాడికి నీ మీద పగా?" అన్నాను.

"అయితయి ఒక్కోసారి. నా బ్యాడ్ లక్."

"లక్ కాదు. చెయ్యి. నీకు ఆ పని రాదు."

"వస్తది. వీడియోలు చూసి అన్నీ కరెక్టుగ పెట్టిన."

"వీడియోలు చూసి పురుళ్లు కూడా పోస్తావా?"

"నేను చదువుకుంటుంటే నీకెందుకంత కడుపుమంట?" ఈ మాట మెల్లగా అంది. అరిచి ఉంటే నాకు అంత తగిలేది కాదు. "నిన్ను నాలుగుల మాన్పిచ్చిన్రని నన్ను కూడా మాన్పియ్యాల్నా?"

నేను కుర్చీలోంచి లేవలేదు. "నన్ను మానిపించినప్పుడు మా నాన్న నాకు గడువు ఇవ్వలేదు. నీకు మీ మామయ్య సాయంత్రం దాకా ఇచ్చాడు. ఇంకా నాలుగు ఘడియలున్నాయి. మాట్లాడుతూ కూర్చుంటావో, పని చేసుకుంటావో నీ ఇష్టం."

స్క్రూడ్రైవర్ తీసుకుని పనిలో పడింది. కొత్త మెమరీ తెచ్చుకుందామంటే షాపువాడు ఆదివారం తొందరగా మూసేస్తాడు, అప్పటికే మూసేశాడు. స్నేహితుల దగ్గర అరువు అడిగింది. ఒకడు పక్క ఊరు కిచనర్‌లో ఉన్నాడు, పనిలో ఉన్నానన్నాడు. ఇంకొకడిది వేరే రకమట, ఇందులో పట్టదట. మూడోవాడు ఫోనే ఎత్తలేదు. బయట వెలుతురు తగ్గుతుంటే ఆమె మొహం ఆ తెర రంగే పులుముకుంది, నీలంగా. నేను వత్తి వేసి, నూనె పోసి, ఆమె వైపు చూడకుండా దీపం వెలిగించాను. కావాలని ఆలస్యం చెయ్యలేదు, తొందరా పడలేదు. రోజూ వెలిగించే వేళకే వెలిగించాను.

మా అబ్బాయి మెట్ల మీద నిలబడి, "ఏమైంది?" అన్నాడు.

"మెమరీ మార్చుకుంటే అయితది మామయ్యా. రేపు షాపు తెరవంగనే మారుస్తడు. పది నిమిషాల పని."

"రేపు కాదు కదా మనం అనుకున్నది" అన్నాడు వాడు. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వాడు పైకి వెళ్లిపోయాడు. వాడికి మర్నాటి మీటింగుల గోల.

ఆ అమ్మాయి స్క్రూడ్రైవర్ అందుకుంది. మరలు ఒక్కొక్కటే విప్పింది. ఫ్యాను తీసి, దాని కింద పూసిన బూడిదరంగు లేపనం గుడ్డతో తుడిచింది. ముక్కలన్నీ బల్ల మీద వరసగా పరిచింది. "నువ్వు దాచిన డబ్బాలు ఉన్నయి కదా, నువ్వే పెట్టుకో" అని కిందికి దిగిపోయింది. అన్నానికి పిలిస్తే రాలేదు. రెండోసారి పిలవలేదు నేను.

బల్ల దగ్గర కూర్చుని, ఏ ముక్క ఏ పెట్టెలోదో చూసుకుంటూ సర్దడం మొదలుపెట్టాను. మెమరీ ముక్కలు చేతిలోకి తీసుకున్నప్పుడు కనిపించింది. నల్లటి రేకు మీద పసుపు బొట్టు, దాని మీద కుంకుమ. రెండింటికీ. బొట్టు వరకైతే ఫర్వాలేదు. పసుపు తడిగా ఉన్నప్పుడు వేళ్లకంటి, కింద అంచున వరసగా ఉన్న బంగారు రంగు పళ్ల మీదికి కూడా పాకి, ఎండి, పొరలా అతుక్కుంది. మిగతావి చూశాను. ఫ్యాను మీద బొట్టు. బొమ్మల కార్డు మీద బొట్టు. డిస్కు మీద బొట్టు.

ఇండియాలో అప్పుడే తెల్లవారుతోంది. ఆ అమ్మాయి తల్లికి ఫోను చేశాను. హనుమకొండలో బట్టలు కుట్టుకునే మనిషి, తెల్లవారకముందే మిషను ముందు ఉంటుంది.

"కంప్యూటర్‌కి పసుపు రాయమని నువ్వు చెప్పావా?"

"అవును పెద్దమ్మా. నువ్వు గుడికి పోయినవంట ఆ రోజు. వీడియోల చూసుకుంట ఒక్కోదానికి పెట్టిచ్చిన. కొత్త వస్తువు కదా. ఏమైంది?"

"బండి కొంటే బొట్టెక్కడ పెడతారు?"

"ముందట."

"ఇంజను విప్పి లోపల పెడతారా?"

ఆవల మిషను చప్పుడు ఆగిపోయింది. "మంచి జరగాలనే కదా పెద్దమ్మా పెట్టమన్నది" అంది.

"నీ మంచి చూస్తే షాపువాడు వస్తువు తిరిగి తీసుకోడు. పిల్లని ఇంతదూరం పంపావు, పంపాక కూడా అక్కడినుంచి నీ చెయ్యి పెట్టాలా? ఇక్కడ నేను చచ్చానా?"

ఏడుపు వినిపించింది. ఏడవడానికి కూడా కరెంటు కాలుతోంది అక్కడ, ఆ మిషను స్విచ్చి ఆపి ఏడువు అని చెప్పి పెట్టేశాను. నాకు వేరే పనుంది. ఆ పసుపు మరకలతో తీసుకెళితే వాడు చూస్తాడు, వాడినవని తోసేస్తాడు. గుడ్డ పెట్టి రుద్దాను, పోలేదు. తడి చేయడానికి భయం వేసింది. ఆ అమ్మాయి పెన్సిళ్ల డబ్బా బల్ల మీదే ఉంది. అందులో బొమ్మలు చెరిపే మెత్తటి తెల్ల రబ్బరు ఉంది. దాంతో రేకు రుద్దాను, పళ్లు కూడా రుద్దాను. పసుపు పొట్టుపొట్టుగా రాలి, పళ్లు కొత్త గాజుల్లా మెరిశాయి. ఫ్యానూ కార్డూ డిస్కూ అన్నీ అలాగే తుడిచి, కవర్లలో పెట్టి, పెట్టెలు మూసి, చుట్టూ తాడు కట్టాను. రబ్బరు సగం అరిగిపోయింది. దాన్ని అలాగే డబ్బాలో పడేశాను.

మర్నాడు షాపు తెరిచే వేళకు ముగ్గురం వెళ్లాం. మా అబ్బాయికి కారులో కూర్చుని చేసుకోవాల్సిన మీటింగు ఉంది. కార్డు నా చేతికిచ్చి, "అది మాట్లాడుతుందిలే, నువ్వు వెళ్లు" అన్నాడు. ఆ అమ్మాయి పెద్ద పెట్టె మోసింది, నేను చిన్నవి పట్టుకున్నాను. మంచు కరిగి నేలంతా బురద. ఆమె బూట్లు తడిసిపోయాయి. కొత్తవి కొనుక్కోమని కోడలు ఎన్నిసార్లో చెప్పింది.

కౌంటరు దగ్గర ఉన్నవాడు ఒక్కో పెట్టె తెరిచి చూశాడు. ఎందుకు తిరిగి ఇస్తున్నారని అడిగాడు కాబోలు. మెమరీ బాగాలేదని ఆమె చెప్పింది. ఆ ఒక్క మాట నాకూ అర్థమైంది. వాడు ఆ రెండు ముక్కలూ తీసుకుని, వెనకాల బల్ల మీద మూత లేకుండా పరిచి ఉన్న ఒక బోర్డులో గుచ్చి, మీట నొక్కాడు. మా ఇంట్లో నిమిషంలో నిండిన ఎర్ర గీతలు అక్కడ రాలేదు. మేం చూస్తూ నిలబడ్డాం. అంకెలు పెరిగాయి. ఒక్క గీత కూడా రాలేదు. చివరికి ఆకుపచ్చ రంగులో ఏదో మాట వచ్చింది. వాడు భుజాలెగరేసి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"మంచిగనే ఉన్నయంటున్నడు." ఆమె కౌంటరు మీదికి వంగింది. వాడు మెమరీ ముక్కలు తెచ్చి ముందు పెట్టాడు. తిప్పి చూసింది. "అమ్మమ్మా. దీని మీద బొట్టుండె."

"తుడిచాను."

"ఎప్పుడు?"

"నిన్న, సర్దేటప్పుడు."

"దేంతోని?"

"నీ రబ్బరుతో."

"కింద ఈ పండ్లు కూడా తుడిచినవా?"

"పసుపంతా తుడిచాను. వాడు తీసుకోడని."

ఆమె ఆ ముక్కను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. పసిపిల్లల ముఖంలో కనిపించేలాంటి సంతోషం ఉంది. "అదే అమ్మమ్మా. పసుపే అడ్డం పడ్డది. అంతే. దానికేం కాలేదు. దేనికేం కాలేదు. తీసుకపోదాం పట. ఇప్పుడు పోయి పెడితే మధ్యాహ్నం వరకు విండోస్ ఎక్కుతది. నేను రాసిస్త నీకు."

"నిన్న దీపం పెట్టేవేళకి ఎక్కిందా?"

"లేదు, కానీ..."

"ఎక్కలేదు కదా."

"అమ్మమ్మా, పని చేస్తున్నది ఇది. వాడు నీ ముందటనే చూపిచ్చిండు."

"నేను చూశాను."

వాడు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ ఏదో అడిగాడు. వెనక ఇంకో ఇద్దరు వరసలో నిలబడ్డారు. ఏం చెయ్యాలో నాకు తెలుసు. పని చేసే పెట్టె ఇంటికి వస్తే ఆ చదువూ దానితోపాటే ఇంటికి వస్తుంది. ఆ చదువు అయ్యాక ఆ పిల్ల గాజు కిటికీ వెనక నిలబడుతుంది. నిలబడినప్పుడు ఈ షాపువాడు రాడు, ఈ మెమరీ రాదు, తల్లి పసుపు రాదు. నేనుండను. ఇవాళ నేను సడలిస్తే, రేపు ఎవరి మాటా ఆమెకు మాట కాదు. ఇంతే అనుకున్నాను. ఇంతకన్నా ఎక్కువ అనుకోలేదు.

"అతనేం అడుగుతున్నాడు?"

"రిటర్నా, కాదా అని."

నాకు ఇంగ్లీషు రాదు. వచ్చి ఉంటే నేనే చెప్పేదాన్ని.

"చెప్పు, రిటర్న్ అని."

"మామయ్యను అడుగుదాం. కార్లనే ఉన్నడు."

"మీ మామయ్య నిన్ననే చెప్పాడు. కార్డు నా చేతిలో ఉంది. చెప్పు."

ఆమె కౌంటరు మీద పెట్టిన చేతులు తీయలేదు. వరసలో వెనక ఉన్న మనిషి దగ్గాడు. ఆమె మెమరీ ముక్కలు రెండూ జాగ్రత్తగా వాటి కవర్లో పెట్టి, మూత నొక్కి, వాడి వైపు జరిపింది.

"రిటర్న్" అంది వాడితో. "ఎవ్రీథింగ్."

వాడు ఒక్కో పెట్టె మీదా గీతలు చదివే ఎర్ర దీపం పెట్టుకుంటూ పోయాడు. నేను కార్డు ఇచ్చాను. అట్టపెట్టెలు ఇంత శుభ్రంగా ఎవరూ తేరన్నాడట. ఆమె ఆ మాట కూడా నాకు తెలుగులో చెప్పింది, ముఖంలో ఏమీ కదలకుండా.

కారులో మా అబ్బాయి మీటింగు ముగించుకుని, "అయిందా?" అన్నాడు. అయింది అన్నాను. మెమరీ సంగతి నేను చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. కాలేజీ దగ్గర దింపమంది. ఏ గేటు అని వాడు అడిగితే, అడ్మిషన్ ఆఫీసు వైపు అంది. దిగి, తలుపు మెల్లగా వేసి, తడి బూట్లతో మెట్లెక్కి లోపలికి వెళ్లింది.

ఎండ వంటింటి కిటికీ దాటకముందే బస్సులో తిరిగొచ్చింది. సప్లై చైన్‌కి మార్చారని, కొత్త టైంటేబుల్ ఇచ్చారని చెప్పింది. చేతులు కడుక్కుని, కూరేం చేసినవ్ అని అడిగింది. బీరకాయ అన్నాను. కంచం తెచ్చుకుని కూర్చుంది.